వెనక జేబులో మెయిషి

మొన్న టోక్యోలో ఒక క్లయింటు ఆఫీసుకి మా వరంగల్ కుర్రాణ్ణి వెంటబెట్టుకెళ్లాను. ఇక్కడికొచ్చి ఇంకా నెల నిండలేదు. పనిమంతుడు, వాడు రాసిన కోడు కళ్లకద్దుకోవచ్చు. ఆ పనిమంతుడు చేసిన పని: అవతలి మేనేజరుగారు నడుం వంచి రెండు చేతులా ఇచ్చిన విజిటింగ్ కార్డుని ఒంటిచేత్తో అందుకుని, ఫ్యాంటు వెనక జేబులో దోపి, దానిమీద కూర్చున్నాడు.

ఎవరూ ఏమీ అనలేదు. అనరు, ఇక్కడితో వచ్చిన చిక్కే అది.

బయటికొచ్చాక కేకలేస్తే, "కార్డే కదన్నా, ఏమైతది?" అన్నాడు.

కార్డే! ఇక్కడ దాన్ని మెయిషి అంటారు. 91 మిల్లీమీటర్ల పొడుగు, 55 వెడల్పు. ఆ ముక్కని నిలబడే ఇవ్వాలి. బల్లకి అడ్డంగా చెయ్యి చాచకూడదు, చుట్టూ తిరిగి వాళ్ల దగ్గరికే వెళ్లాలి. అక్షరాలు వాళ్లవైపు ఉండాలి. మన కార్డు వాళ్ల కార్డుకన్నా కాస్త కిందుగా పట్టుకోవాలి. వాళ్లు మనకన్నా మర్యాదస్తులు కనక వాళ్లూ దించుతారు. మనం ఇంకాస్త దించుతాం. వదిలేస్తే ఇద్దరం మోకాళ్లదాకా వస్తాం. పుచ్చుకున్నాక చదవాలి. హోదా చూస్తేగానీ ఎంత వంగాలో, మాటకి ఎంత మన్నన తగిలించాలో తేలదు మరి. తర్వాత మీటింగు అయ్యేదాకా అది బల్లమీదే ఉండాలి. పెద్దాయన కార్డు మన కార్డుకేసు మీద, మిగతావి వాళ్లు కూర్చున్న వరసలో. వాళ్లెదుట దానిమీద పెన్ను పెట్టామా, మొహంమీద రాసినట్టే. మొన్న అటు ఆరుగురు, ఇటు ముగ్గురం. పద్దెనిమిది మార్పిళ్లు! ఈలోగా టీ చల్లారింది.

దీనికితోడు నా ఇంటిపేరు వల్లూరి. జపనీయులకి 'ల' లేదు, 'వ' కూడా 'బ'లోకి జారుతుంది. పదేళ్లుగా నేను బర్రూరి సాన్‌ని. ఒకప్పుడు మా దొడ్లో రెండు బర్రెలుండేవి నిజమే, కానీ వీళ్లకెవరు చెప్పారు?

అయినా ఒప్పుకోవాలి. ఆర్నెల్ల తర్వాత కలిసినా నా పేరూ (వాళ్ల పద్ధతిలో), హోదా మర్చిపోరు. అలాగని మనకి మర్యాద తెలియదనుకుంటే మాత్రం ఊరుకోను. మా అమ్మ శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి, గడపగడపకీ వెళ్లి, బొట్టుపెట్టి ఇచ్చేది. ఎడమచేత్తో ఇచ్చి చూడమనండి! కాకపోతే పెళ్లయ్యాక ఇంట్లో మిగిలిన శుభలేఖల వెనక పాలలెక్క రాసుకునేదీ ఆవిడే. కాబట్టి ఆ పోలిక ఇక్కడితో ఆపుతాను.

నరసరావుపేటలో నాన్నది ఎరువుల కొట్టు. కంపెనీ కుర్రాళ్లు టై బిగించుకుని, చెమటలు కక్కుతూ వచ్చి కార్డు ఇచ్చేవాళ్లు. నాన్న దానివంక చూసేవాడు కాదు. "ముందు మంచినీళ్లు తాగు బాబూ. ఏ ఊరు మీది?" రెండు ప్రశ్నల్లో ఆ పిల్లాడు ఎవరి మనవడో, ఎవరి అల్లుడో తేలిపోయేది. వాడు మెట్లు దిగేలోపే కార్డు వెనక బాల్‌పెన్నుతో "యూరియా 12 బస్తాలు, కోతలయ్యాక ఇస్తాడు" అని పడేది. అప్పు ఎవరిదో రాసేవాడు కాదు, అది ఆయనకే తెలుసు. మళ్లీ ఆ కుర్రాడు వస్తే, "పాపకి జ్వరం అన్నావు, తగ్గిందా?" అనేవాడు. వాడి పేరు మాత్రం అడిగినా చెప్పలేడు.

ఆ రాత్రి వరంగల్ కుర్రాడు ఫోన్ చేశాడు. కార్డు బయటికి తీశాడట, గిన్నెలా వంగిపోయిందట. శుక్రవారం మళ్లీ అదే ఆఫీసుకి వెళ్లాలి.

"అన్నా, ఇస్త్రీ చేస్తే సాపైతదా?"

"పైన గుడ్డ వేసి చెయ్యి," అన్నాను.