గుడ్డసంచి భుజాన 3,300 కిలోమీటర్లు

దూరప్రయాణానికి మూట కట్టేటప్పుడు మన ఇళ్లలో రెండు మాటలు వినబడతాయి. "ఇది కూడా ఉండనీ, అవసరానికి వస్తుంది" అనేది ఒకటి. "మోసేదెవరు?" అనేది రెండోది. ఈ తగవు ఎంత పాతదో, ఎంత నిజమైనదో అమెరికాలోని ఒక పెద్దావిడ నడక చూస్తే తెలుస్తుంది.

ఆ దేశపు తూర్పు భాగాన అపలేచియన్ కొండల వెంబడి ఒక కాలిబాట ఉంది. దక్షిణాన జార్జియా మొదలుకొని ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం వరకు 14 రాష్ట్రాల గుండా అది సాగుతుంది. ఒహాయో రాష్ట్రానికి చెందిన ఎమ్మా గేట్‌వుడ్ 1955 మే నెలలో ఒంటరిగా ఈ బాట పట్టింది. అప్పటికి ఆమె వయస్సు 67 ఏళ్లు. 11 మంది బిడ్డల తల్లి. అంతకు ముందటి సంవత్సరమే ఒకసారి బయలుదేరి, అడవిలో దారి తప్పి, కళ్లద్దాలు పగిలి, ఇంటికి తిరిగి వచ్చింది.

రెండోసారి ఆమె భుజాన ఉన్నది తానే కుట్టుకున్న గుడ్డసంచి. అందులో ఒక దుప్పటి, వానకు కప్పుకొనేందుకు స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర, కొద్దిపాటి తిండి. గుడారం లేదు. కాళ్లకు కాన్వాసు బూట్లు. మూట బరువు సుమారు 8 కిలోలు.

బరువు తగ్గితే మోకాళ్లకు, నడుముకు హాయి. అయితే ఇంట వదిలినది దారిలో గుర్తుకు రాక మానదు. చలి రాత్రులలో ఆమె రాళ్లు వేడిచేసి వాటిమీద పడుకొంది. ముక్కూమొహం తెలియని వారి ఇళ్లముందు నిలిచి, వసారాలో చోటడిగింది. కొందరు ఇచ్చారు, కొందరు పొమ్మన్నారు. ఆగస్టు తుఫానులకు వాగులు పొంగినప్పుడు, నౌకాదళపు యువకులిద్దరు తమ నడుమ ఆమెను తాడుతో కట్టుకొని దాటించారు. సెప్టెంబరు 25న, 146వ రోజున, ఆమె కటాడిన్ శిఖరమెక్కింది.

నేడు తిండి, నీళ్లు మినహాయిస్తే మొత్తం సామాను నాలుగున్నర కిలోలకు లోపే సర్దుకొని నడిచేవారున్నారు. ఆ సామానుకు ధర ఎక్కువ. పలుచని గుడ్డ ముల్లు తగిలితే చిరుగుతుంది. పక్షి ఈకలు నింపిన దుప్పటి తడిస్తే వెచ్చదనం పోతుంది.

కాబట్టి ప్రియ పాఠకులారా, మనం దించిన బరువు ఎక్కడికీ పోదు. దానిని మన ఒళ్లు మోయాలి, లేదా మన డబ్బు మోయాలి, లేదా దారిలోని పరాయివారు మోయాలి. ఆ సంగతి ఎరిగి మూట తేలిక చేసుకుంటే మంచిదే. అలాగే, మన గుమ్మం ముందు తేలికపాటి సంచితో ఎవరైనా నిలిస్తే, వసారాలో కాస్త చోటివ్వడం మరువకూడదు.