జానెడు ఇంజను

మాది దివిసీమ. కృష్ణ రెండు పాయల నడుమనున్న మా గడ్డకు నేటికీ రైలు రాలేదు. రైలెక్కాలంటే ఏరు దాటవలసిందే.

బందరుకు మీటరుగేజి బండి 1908లో వచ్చింది. మా నాన్నగారు బందరులో చదువుకొనే రోజుల్లో ఆ బండిమీదే గుడివాడ వెళ్ళి, ఇంజను నీళ్ళు పట్టుకొంటుంటే నోరు తెరచుకొని చూచేవారట. “నేనూ డ్రైవరునవుతాను” అంటే తాతగారు, “పొలం ఎవరు చూస్తారురా?” అన్నారట. ఆ ముచ్చట అక్కడితో సరి! 1960 దశకం తొలి ఏళ్ళలో ఆ దారి బ్రాడ్‌గేజి అయింది. ఆవిరి ఇంజన్లూ తరువాత మాయమైనవి.

ఈమధ్య పూనాలో ఉన్న మా చెల్లెలి ఇంటికి నాన్నగారిని తీసుకొని బయలుదేరాను. గుడివాడలో బండి ఆగగానే ఆయన కిటికీలోనుంచి తొంగిచూచి, “నీళ్ళగొట్టం ఇక్కడే ఉండేది” అన్నారు.

పూనాలో, కోత్రూడ్‌లో, శ్రీ భావుసాహెబ్ జోషీ 1998లో తెరచిన బుల్లి రైళ్ళ ప్రదర్శనశాల ఉన్నది. గదిలో ఒక నగరమే వెలసింది! సిగ్నళ్ళు, వంతెనలు, వీధిదీపాలు! వాటి మధ్య రైళ్ళు. అసలుకు 87వ వంతు కొలత. అంటే 20 మీటర్ల బండి ఇక్కడ 23 సెంటీమీటర్లు, సరిగ్గా జానెడు.

పిల్లలందరూ వేగంగా పోయే కొత్త బళ్ళవైపు చేతులు చూపుతున్నారు. నాన్నగారు మాత్రం ఒక నల్లని ఆవిరి ఇంజను దగ్గర ఆగి, మోకాళ్ళ నొప్పులు కూడా మరచి, కళ్ళు పట్టాల మట్టానికి వచ్చేదాకా వంగారు.

“ఇట్లా చూడు, అబ్బాయీ! అప్పుడెంత ఉండేదో అంతే ఉంది.”

నేనూ వంగాను. నిజమే! జానెడు ఇంజను కొండలా మీదికి వస్తోంది.

ఇంతలో ఆయన నవ్వారు. “చక్రాల పక్కనున్న ఆ కడ్డీ చూశావూ? అసలు ఇంజనులో ఆవిరి కడ్డీని తోస్తే, కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. ఇక్కడ కరెంటు మోటారు చక్రాన్ని తిప్పితే, చక్రమే కడ్డీని ఆడిస్తోంది!”

ఎమ్మే చదివిన నాకు తోచని సంగతి, అరవైయేళ్ళు నాగలి పట్టిన ఆయన కంటికి క్షణంలో దొరికింది. తాతగారు ఆనాడు “సరే” అని ఉంటే? ఆ ప్రశ్న నా గొంతుదాకా వచ్చి ఆగిపోయింది.

తిరుగు ప్రయాణంలో బందరులో దిగి బస్సెక్కాము. పులిగడ్డ దగ్గర వంతెన దాటుతుండగా నాన్నగారు ఏటివంక చూస్తూ అన్నారు:

“మన ఊరికి రైలు వేస్తే, డ్రైవరు ఉద్యోగానికి మొదటి దరఖాస్తు నాదే!”