నాగులేటి ఒడ్డున బెనిఫిట్ షో

చలి మొదలయ్యే రోజుల్లో ఎక్కడైనా తడిసిన పత్తి వాసన తగిలితే చాలు, నాకు మా కారంపూడి ఇంటి నడవ, అందులో గోనెపట్టాల మీద ఆరబోసిన పత్తి, ఆ పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుని పాడైపోయినదాన్ని ఏరి అవతల పడేస్తున్న మా నాయనమ్మ గుర్తొస్తుంది. అది 1977. దీపావళి వెళ్లి వారం తిరిగిందో లేదో ఈదురుగాలి, వాన పట్టుకున్నాయి. జొన్నచేలు కొన్ని వాలిపోయాయి, పత్తి తడిసింది, నాగులేరు బురదనీళ్లతో పారింది. అంతకుమించి మాకేం తెలియలేదు. నవంబరు 19న దివిసీమ మీద సముద్రం విరుచుకుపడిందని, ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయని, 10 వేల మందికి పైగా పోయారని రేడియో ద్వారానూ బస్సు దిగినవాళ్ల నోటివెంటా ముక్కలు ముక్కలుగా తెలిసింది.

నాయనమ్మ సముద్రం చూడలేదు. ఆమె చూసిన పెద్ద నీళ్లు నాగార్జునసాగరే. "సాగరు కంటే పెద్దదా ఏంది?" అని మా బాబాయిని అడిగింది. ఆయన అవునని తలూపాడు. ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని కూడా లేచిపోయింది.

మా బాబాయికి రామారావంటే ప్రాణం. ఆ ఏడు సంక్రాంతికి దానవీరశూరకర్ణ, ఎండాకాలంలో అడవిరాముడు, ఆ తర్వాత యమగోల రావడంతో ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. కిందివీధి వాళ్లది నాగేశ్వరరావు పక్షం. పోస్టరు మీద పోస్టరు అంటించారని రెండు జట్లకీ ఏడాది పొడుగునా మాటల్లేవు. అలాంటిది, రామారావూ నాగేశ్వరరావూ జోలె పట్టుకుని వీధుల్లో తిరుగుతున్నారని పేపర్లో వచ్చిన సాయంత్రం, కిందివీధి కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి చావడి అరుగు మీద మా బాబాయి పక్కన కూర్చున్నారు. డేరా హాల్లో బెనిఫిట్ షోగా ఒక ఆట వేసి, వచ్చిన డబ్బంతా దివిసీమకు పంపాలని అనుకున్నారు.

ఏ బొమ్మ వెయ్యాలన్న దగ్గర మాత్రం మళ్లీ పేచీ. ఆ యుద్ధం జరిగిన ఊరు మాది కాబట్టి పల్నాటి యుద్ధమే వెయ్యాలని అందరి మాటా, కానీ ఏ పల్నాటి యుద్ధం? 1966లో రామారావు బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా వేసింది మా బాబాయి కోరిక. 1947లోనే మా నాగేశ్వరరావు బాలచంద్రుడు వేశాడు, కన్నాంబ నాగమ్మ, ఆ బొమ్మే కావాలని కిందివీధి పట్టు. బడిపంతులుగారు కల్పించుకుని, "అంత పాత ప్రింటు ఇప్పుడు యాడ దొరుకుద్దిరా, దొరికిందే తెప్పించండి" అంటే సర్దుకున్నారు. విజయవాడ గాంధీనగరంలో సినిమా కంపెనీల ఆఫీసులుండేవి, రీళ్ల పెట్టెలు అక్కణ్ణుంచే రావాలి. ఒక కుర్రాడు వెళ్లి పెట్టె వెంటే కూర్చుని బస్సులో వచ్చాడు. హాలాయన అద్దె వద్దన్నాడు, ఇంజనుకి ఆయిలు, మిషనుకి కార్బన్ కడ్డీలు తెచ్చిపెట్టుకోమన్నాడు.

ఆట వేసేరోజు పగలంతా జోలె. నేనూ వెనకాలే తిరిగాను. ఎవరింటి ముందు ఆగినా ఉత్తచేతులతో పంపలేదు. జొన్నలు, కందులు, ఎండుమిరపకాయలు, ఉతికి మడతపెట్టిన పాతపంచెలు. ఒకామె చంటిపిల్ల గౌను తెచ్చి జోలెలో వేసి, మళ్లీ తీసి, దులిపి, మడిచి వేసింది. మా ఇంటి ముందుకొచ్చేసరికి నాయనమ్మ దగ్గర డబ్బుల్లేవు. గంప కింద నుంచి కాకిడేగ పుంజుని తీసి, కాళ్లకు గుడ్డపీలిక కట్టి బాబాయి చేతిలో పెట్టింది. ఆ పుంజుని గుడ్డప్పటినుంచీ సాకింది ఆమే.

పొద్దుగూకాక డేరా ముందు పెట్రోమాక్స్ వెలుగులో పాట మొదలైంది. మా వైపు వేలాన్ని పాట అనే అంటారు. మొదటి టికెట్టుని మిరపకాయల వ్యాపారి పాడుకున్నాడు. రామారావు బొమ్మకు వేసిన దండని కిందివీధి కుర్రాడొకడు పాడితే, మా బాబాయి ఊరుకోలేక నాగేశ్వరరావు ఫొటోని పాడాడు. ఇద్దరూ ఆ రాత్రి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని తిరగడం నేను చూశాను. తర్వాత పుంజు. పల్నాటి వీరుల ఉత్సవం దగ్గరపడుతోంది, కోడిపోరు కథ పుట్టిన సీమ మాది, ఎవరో ఆ కథలోని పుంజుని తలచుకుని "చిట్టిమల్లు!" అని అరిచారు. పన్నెండు రూపాయలకు కొట్టేశారు. కొన్నాయన పుంజుని ఎత్తిపట్టుకుని చూసి, "మళ్లీ పాటకే పెట్టండి" అన్నాడు. రెండోసారి పదిహేను, మూడోసారి ఇరవై, గెలిచినవాళ్లంతా అదే మాట. నాలుగోసారి ముప్ఫయ్యొకటి దగ్గర ఆగింది. పొలంకూలి రోజుకి మూడు నాలుగు రూపాయలొచ్చే రోజుల్లో ఒక్క పుంజు డెబ్బై ఎనిమిది రూపాయలు తెచ్చింది.

నేల ఇంకా చెమ్మగానే ఉందని వరిగడ్డి పరిచారు. వేరుశనక్కాయలు, కిరసనాయిలు, తడిగడ్డి వాసనల మధ్య ఘంటసాల వెంకటేశ్వరస్వామి పాట మైకులో అయిపోయి బొమ్మ పడింది. ఒకటే మిషను, రీలు అయినప్పుడల్లా దీపాలు వెలిగేవి, జనం లేచి ఒళ్లు విరుచుకునేవాళ్లు. వీరుల ఉత్సవంలో మందపోరు నాడు కులం చూడకుండా కలిసి కూర్చుని చాపకూడు తినే ఊరు కాబట్టేమో, నేల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని ఆ రాత్రి ఎవరూ చూసుకోలేదు. ప్రింటు పాతది, తెర నిండా నిలువుగీతలు జారుతున్నాయి. నాయనమ్మ నా చెవిలో, "ఆడ కూడా వానేనంట్రా?" అంది. నేను నవ్వలేదు. నాకూ వానలాగే కనిపించింది.

మర్నాడు ధాన్యం, గుడ్డలు వేరుచేసి మూటలు కట్టి, డబ్బు తువ్వాల్లో ముడివేసుకుని పంతులుగారూ బాబాయీ గురజాల తాలూకా ఆఫీసుకి వెళ్లి కట్టి వచ్చారు. రసీదుని హాలు టికెట్ల కిటికీ పక్కన అంటించారు. అక్షరం రానివాళ్లు కూడా దాని ముందు ఆగి, వేలితో ముట్టి వెళ్లేవాళ్లు. తర్వాతెప్పుడో ఎండకు కాగితం పచ్చబడి, డేరా ఎత్తేసినప్పుడు దానితోపాటే పోయింది.

ఆ తర్వాతి కాలంలో బెనిఫిట్ షో అంటే కొత్తబొమ్మని అందరికంటే ముందు తెల్లవారుజామునే చూడటమైంది. ఆ గోల కూడా నాకు ఇష్టమే. 1998లో చిరంజీవి రక్తనిధి పెట్టాక రక్తమివ్వడానికి వరసలు కట్టిన కుర్రాళ్లని చూస్తే, అరుగు మీద పక్కపక్కన కూర్చున్న మా ఊరివాళ్లే కళ్లముందు మెదిలారు.

పుంజుని ఆఖరున పాడుకున్నాయన ఇల్లు ఊరికి ఆ చివర, ఏటిగట్టు దగ్గర. తెల్లవారుజామున ఊళ్లో పుంజులన్నీ కూసేవి. నాయనమ్మ మంచంలోనే మేలుకుని ఒక్కొక్క కూతా వింటూ పడుకునేది. దూరంగా ఏటివైపు నుంచి ఒక కూత వినిపించగానే, "అదిగో, మనదే" అని, దుప్పటి తీసేసి పొయ్యి రాజెయ్యడానికి లేచేది.