రెండు 33లు

గాలిలోంచి విభూతి తీసేవాణ్ణి మనం "ఏదీ, చెయ్యి చూపించు" అని నిలదీస్తాం. డబ్బా మీద అచ్చువేసిన అంకెను మాత్రం "నీ యూనిట్ ఏమిటి?" అని అడగం. నేను చదివింది బీకాం, ఉద్యోగం డిఫెన్స్ అకౌంట్స్. ఎలక్ట్రానిక్స్ నాకు రాదు. స్టోర్సు వోచరులో యూనిట్ గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టకూడదని మాత్రం బాగా తెలుసు. 500 అంటే ఏం 500? కిలోలా, మీటర్లా, డజన్లా?

2000 ప్రాంతపు కంప్యూటర్లలో చాలావాటిలో రెండు 33లు ఉండేవి. మోడెమ్ 33.6, హార్డ్ డిస్క్ తీగ 33. రెండూ ఒకటే అనుకున్నవాళ్లను నేనెరుగుదును. మోడెమ్‌ది సెకనుకు 33.6 వేల బిట్లు. డిస్క్‌ది సెకనుకు 33 మిలియన్ల బైట్లు. బైటుకు 8 బిట్లు కనుక రెండోది మొదటిదానికి దాదాపు 8 వేల రెట్లు!

ఇది పండితుల గొడవ కాదు. దీనివల్ల ఒక కుర్రాడి దుకాణం మూతపడబోయింది.

ఖరగ్‌పూర్‌లో మా నిమ్‌పురా రైల్వే పనికోసం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లున్న పేట. 2002లో నేను సెలవు మీద ఇంటికి వచ్చాను. మా వీధి చివర ఒక కుర్రాడు ఇంటర్నెట్ షాపు నడిపేవాడు, నిమిషానికి రూపాయి. వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన పెద్దాయన ఒక ఫ్లాపీ నిండా ఫోటోలు తెచ్చి, విశాఖలో ఉన్న కొడుక్కి పంపమన్నాడు. కుర్రాడు తన మెయిల్ ప్రోగ్రాంలోంచి పంపి 12 రూపాయలు అడిగాడు. పెద్దాయన చదువుకున్నవాడు, దేన్నీ ఊరికే నమ్మడు. ఫ్లాపీ 1440, మోడెమ్ 56, భాగిస్తే 26 సెకన్లు. "అర నిమిషం పనికి 12 నిమిషాలు చేశాడు, వీడు లైను బిగబట్టి డబ్బు లాగుతున్నాడు" అని వీధంతా చెప్పాడు. జనం రావడం తగ్గింది. ఇంటి యజమాని నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు.

"మీరు ఆడిట్ మనుషులు కదా, మీరే చెప్పండి" అని పెద్దాయన నా దగ్గరకే వచ్చాడు. కాగితం తీశాను.

ఫ్లాపీలో ఉన్నవి 14,74,560 బైట్లు. (1.44 మెగా అంటారు గానీ అది 1440 సార్లు 1024. ఒక కిలో వెయ్యి, ఇంకో కిలో 1024. ఇలాంటి తూకం సంతలో పెడితే తన్నేవారు.) వీటిని ముందు బిట్లుగా మార్చాలి. 8తో గుణిస్తే చాలదా అన్నాడాయన. మా యార్డునే చూపించాను. గూడ్సుకు ముందు ఇంజను, వెనక గార్డు పెట్టె, మధ్య 8 వ్యాగన్లు అనుకోండి. లైను మీద నడిచేవి 10, సరుకు 8లోనే. పాత మోడెములు ఒక్కో బైటును ఇలాగే స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ల మధ్య పంపేవి. తరువాత వి.42 ప్రమాణం వచ్చి ఫోను తీగ మీద ఆ రెండింటినీ తీసేసింది గానీ, తప్పులు పట్టే బిట్లు, ప్యాకెట్ల చిరునామాలు ఆ మిగులులో కొంత తినేవి. అందుకే 10తో లెక్కేసుకోవడం క్షేమం.

ఇక ఆ 56. వి.90 మోడెములో అది దిగుమతికి గరిష్ఠం. ఎగుమతికి 33.6 దాటదు. మా ఫోను లైనుకు ఆవేళ దొరికింది 28.8. భాగిస్తే 512 సెకన్లు. పైగా ఈమెయిలు ఫోటోను అక్షరాలుగా మార్చి పంపుతుంది, ప్రతి 3 బైట్లు 4 అవుతాయి. 512 కాస్తా 683. అంటే 11 నిమిషాల 23 సెకన్లు!

నేను చెప్పాను కదా అని నమ్మవద్దన్నాను. ముగ్గురం షాపుకు వెళ్లి అదే ఫ్లాపీ మళ్లీ పంపించి చేతి గడియారం చూశాం. పదకొండున్నర అయింది. పెద్దాయన "సరే" అనలేదు. ఆ 12 రూపాయలూ బల్ల మీద పెట్టి, ఇంటి యజమానితో తనే మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా. షాపు ఇంకో నాలుగేళ్లు నడిచింది.

కుర్రాడూ నన్నొకటి అడిగాడు: "అంకుల్, మరి డబ్బా మీద 56 అని ఎందుకు వేస్తారు?" అది అబద్ధం కాదు. అంతకు మించి రాదన్న హద్దు. హద్దును హామీగా చదివించడం అమ్మేవాడి నేర్పు.

ఈ నేర్పు మోడెములతో పోలేదు. సాటా హార్డ్ డిస్క్ మీద 6 గిగాబిట్లు అని ఉంటుంది. 8తో భాగించి 750 మెగాబైట్లు అనుకోకండి. అక్కడా 8 బిట్ల సరుకును 10 బిట్లుగా కట్టి పంపుతారు కనుక 600. అదైనా తీగ హద్దే. లోపల తిరిగే మామూలు డిస్క్ 300 కూడా అందుకోదు. ఇంటికి వచ్చే బ్రాడ్‌బాండ్ 100 అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు, అదీ అన్నీ కుదిరితే. ఈసారి కనెక్షన్ మనిషి వచ్చినప్పుడు "బిట్లా, బైట్లా? రావడానికా, పోవడానికా?" అని అడిగి చూడండి.