గురక ఆగినప్పుడు

ముప్పయ్యారేళ్ళ వయసులో నిద్రపోవడం నేర్చుకుంటున్నానంటే మా ఆఫీసులో నవ్వారు. నిద్ర విషయంలో నాకున్న పేరు అలాంటిది మరి. క్యాబ్ ఎక్కితే నిద్ర, సినిమాలో నిద్ర, మీటింగులో కెమెరా ఆపేసి ఉంటే నిద్ర. ఇంజనీరింగ్ హాస్టల్లో నన్ను కుంభకర్ణుడనేవాళ్ళు. నా పక్కమంచం వాడు రెండో నెలలోనే రూము మార్పించుకున్నాడు. "తల దిండుకి ఆనితే చాలు, అదృష్టవంతుడివి" అనేది తను, పెళ్ళయిన కొత్తలో. కొన్నేళ్ళకి ఆ మాటలోంచి అదృష్టం జారిపోయి, "తల దిండుకి ఆనితే చాలు" అన్నంతవరకే మిగిలింది.

కిందటేడు నవంబరులో ఒక సాయంత్రం గచ్చిబౌలి దగ్గర సిగ్నల్ పడింది. వెనక సీట్లో ఐదేళ్ళ మా అమ్మాయి. నాకు తెలిసినంతవరకు నేను కళ్ళు మూసుకోలేదు. "నాన్నా, ఆటోకి తగిలాం" అని పాప అన్నప్పుడు మాత్రం తెరిచాను. బ్రేకు మీంచి కాలు జారి, కారు మెల్లగా ముందుకి దొర్లి ముందున్న ఆటోకి ఆనుకుంది. ఆటో అతను దిగొచ్చి, తన బండి వెనక వంగి చూసి, గీత కూడా పడలేదని తేల్చుకుని నా కిటికీ దగ్గరికొచ్చాడు. "బండ్ల పాప ఉన్నది. నిద్రొస్తే పక్కకు ఆపుకో అన్నా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. ఒక రాత్రికి వాచీ లాంటిదొకటి కట్టారు, వేలికి ఒక క్లిప్పు, ముక్కు కింద సన్నటి గొట్టం, ఛాతీ చుట్టూ ఒక బెల్టు. నిద్రలో గొంతు కండరాలు అందరికీ వదులవుతాయట. నాలాంటివాళ్ళకి అవి మరీ వదులై దారి మూసేస్తాయి. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి రాదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయేసరికి మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. గొంతు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. నా పక్కమంచం వాణ్ణి పారిపోయేలా చేసిన చప్పుడు అదే. ఇలా ఊపిరి ఆగడం గానీ సన్నగిల్లడం గానీ కనీసం పది సెకన్లుంటే ఒకటిగా లెక్కేస్తారు. గంటకి 5 లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం. నాది 42. ఏడు గంటల రాత్రికి దాదాపు మూడువందల సార్లు. పొద్దున్నకి ఒక్కటీ గుర్తుండదు. స్లీప్ ఆప్నియా అనే పేరు ఎక్కడో విన్నదే, కానీ అది లావుగా ఉన్న ముసలివాళ్ళ జబ్బని ఒక ధీమా ఉండేది. నేను లావూ కాదు, ముసలీ కాదు.

నాకు రాసిచ్చింది మందు కాదు, గాలి. సీపాప్ అనే పెట్టె గదిలోని గాలినే పీల్చి, కాస్త ఒత్తిడితో గొట్టం గుండా ముక్కులోకి పంపుతుంది. ఆ ఒత్తిడికి గొంతు మూసుకోకుండా నిలబడుతుంది. అంతే. సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు దీన్ని కనిపెట్టి 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. మొదటి యంత్రంలో వాడింది వాక్యూమ్ క్లీనర్ మోటారు. మాస్కుని రోజూ ముక్కుకి జిగురుతో అతికించేవాళ్ళు. అప్పటిదాకా తీవ్రంగా ఉన్నవాళ్ళకి ఉన్న ప్రధానమైన దారి గొంతుకి రంధ్రం పెట్టడం. మా ఇంటికి మిషను తెచ్చిన కుర్రాడు ఈ చరిత్రేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆ సిలికాన్ మాస్కు మీద నాకు కాస్త గౌరవం ముందే పుట్టేదేమో.

మొదటి రాత్రి పన్నెండున్నరకి పెట్టుకుని పన్నెండూ నలభైకి పీకేశాను. గాలి లోపలికి రావడం కష్టం కాదు, అది ఎలాగూ వస్తుంది. బయటికి వదలడం కష్టం. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టు ప్రతి ఊపిరినీ తోయాలి. పొరపాటున నోరు తెరిస్తే ముక్కులోంచి వచ్చిన గాలంతా నోట్లోంచి హోరుమంటూ పోతుంది. మూడో రాత్రి, మాస్కు పీకేసిన సంగతి నాకు తెలియకుండానే పీకేశాను. పొద్దున లేస్తే అది దిండు కింద ఉంది. మిషన్ తెర మీద "1 గంట 12 నిమిషాలు" అని ఉంది. ఐదో రాత్రి గాలి మింగి పొట్ట ఉబ్బి, పొద్దున స్టాండప్ మీటింగులో మ్యూట్ చేసుకుని త్రేన్చుతూ కూర్చున్నాను. మా పాప మాత్రం సంబరపడింది. గొట్టాన్ని తొండం అంది. "ఏనుగు నాన్న" అని స్కూల్లో బొమ్మ కూడా వేసింది.

అసలు బాధ ఊపిరిది కాదు. ఆ ఎదురుగాలికి వారంలో అలవాటు పడ్డాను. నిద్ర అంచు దాకా రావడం, సరిగ్గా అక్కడ "ఆఁ, పడుతోంది" అని లోపల ఎవడో అనడం, వాడి మాటకి నేను లేచి కూర్చోవడం. గంటన్నర పాటు ఇదే. ముప్పయ్యారేళ్ళు ఎప్పుడూ పట్టించుకోని పనిని పట్టించుకోవడం మొదలుపెడితే ఇలాగే ఉంటుంది కాబోలు. నడుస్తూ ఏ కాలు ముందు పడుతోందో చూసుకున్నవాడు తూలిపడ్డట్టు.

అలాంటి ఒక రాత్రి చీకట్లో పడుకుని తెలుగు వ్యాకరణం చేశాను. (పుస్తకాల మీద సమీక్షలు రాసేవాడికి తెల్లవారుజాము మూడింటికి ఇంతకన్నా మంచి ఆలోచనలు రావు.) నిద్ర వస్తుంది. నిద్ర పడుతుంది. రెండిట్లోనూ నిద్రే కర్త. "నాకు" అని నేనెక్కడో చివర్న ఉంటాను. నిద్రపోతాను అన్నప్పుడు కర్తని నేనే గానీ చేసే పని పోవడం. నిద్ర చేయడం అనే మాట ఉంది, అది గుళ్ళో మూడు నిద్రలు చేస్తామని మొక్కుకున్నవాళ్ళది. ఇంట్లో మామూలుగా పడుకుని లేచినవాడు నిద్ర చేశానని అనడు. నేను సరిగ్గా ఆ పని చేస్తున్నాను. మంచం మీద నిద్ర చేస్తున్నాను, మొక్కు తీర్చుకున్నట్టు.

డాక్టరుగారు చెప్పిన చిట్కా చాలా మామూలుది. మాస్కు పెట్టుకుని నిద్రపోవద్దు, మేలుకుని ఉండండి అన్నారు. రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చుని గంటసేపు ఊరికే పెట్టుకోవాలి. అలా కూర్చుని 'వేయిపడగలు' మూడోసారి మొదలుపెట్టాను, మూడోసారీ పూర్తవలేదు. కానీ పదో రోజుకి ముక్కు మీద ఏదో ఉందన్న సంగతి పేజీల మధ్యలో మర్చిపోవడం మొదలైంది. రెండో మార్పు నేనే కనిపెట్టాను. మొదట్లో సుఖంగా ఉంటుందని మిషన్ని 4 నుంచి మొదలై అరగంటలో 11కి చేరేలా పెట్టి ఇచ్చారు. ఆ 4 దగ్గర గాలి చాలక గాభరా పుట్టేది, అది తెలియక ఎదురుగాలిని తిట్టుకున్నాను. డాక్టరుగారిని అడిగి మొదలే 7 చేయించాను. అనుకున్నదానికి తలకిందులుగా, గాలి పెరిగితే హాయిగా ఉంది.

మూడోది మానేయడం. మిషన్లో ఉండే చిన్న కార్డుని లాప్‌టాప్‌లో పెట్టి, ఆస్కార్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే రాత్రంతా సెకను సెకనుకీ గీతలుగా కనిపిస్తుంది. నా వృత్తి సర్వర్లు పడిపోకుండా చూడటం. రాత్రిళ్ళు అలారం మోగితే లేచి గ్రాఫులు చూసేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే లేచి నా గ్రాఫు నేనే చూసుకోవడం మొదలుపెట్టాను. 3:17కి ఏమైంది, ఈ లీకు ఎందుకొచ్చింది? గంటకి 2.1 వస్తే పొంగిపోవడం, మర్నాడు 3.4 వస్తే దిగాలుపడటం. రెండూ మామూలు లెక్కలే. ఆ రాత్రి మంచి మార్కులు తెచ్చుకోవాలని పడుకుంటే ఇంకేం నిద్ర! కార్డుని తీసి సొరుగులో పడేశాను. మిషన్ తెరని గోడవైపు తిప్పాను.

ఇవన్నీ సర్దుకున్నాక రెండు సంగతులు బయటపడ్డాయి. మాకు పడుకునే ముందు చీకట్లో మాట్లాడుకునే అలవాటు. ఆఫీసు గొడవలు, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు ఎవరితో మాట్లాడట్లేదు, ఇంట్లో జరిగే అసలు మాటలన్నీ లైటు తీసేశాకే. మాస్కు పెట్టుకున్నవాడు నోరు తెరవకూడదు. తను చెప్తుంటే నేను "ఊఁ" "ఊఁ" అంటున్నాను. వారానికి తను చెప్పడం మానేసింది. ఇప్పుడు మాటలయ్యాకే మాస్కు అని ఒక ఒప్పందానికొచ్చాం. ఎవరు ముందు "సరే, పెట్టుకో" అంటారన్నది ఆ రోజు మాటలు ఎలా నడిచాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

రెండోది, తనకి నిద్ర పట్టడం లేదు. గురక పోయింది కదా, హాయిగా పడుకో అన్నాను. "చప్పుడు లేకపోతే ఉన్నావో లేదో తెలియట్లేదు" అంది. చాలా రాత్రులు నా ఛాతీ మీద చెయ్యేసి చూసుకునేదట. పెళ్ళయిన నాలుగో నెల నుంచీ, గురక ఆగిన ప్రతిసారీ తనకి మెలకువ వచ్చేదట. మళ్ళీ మొదలయ్యేదాకా కళ్ళు తెరుచుకుని ఉండేదట. ఏడేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేం అంటే, "చెప్పాను, నువ్వు నిద్రలో ఉన్నావు" అంది.

'ఊర్మిళాదేవి నిద్ర' అని ఆడవాళ్ళు పాడుకునే రామాయణపు పాట ఉంది. అడవిలో పద్నాలుగేళ్ళు లక్ష్మణుడికి నిద్ర లేదు, అయోధ్యలో పద్నాలుగేళ్ళు ఊర్మిళకి నిద్రే నిద్ర. వీటిని ఎప్పుడూ త్యాగం, విరహం అన్న మాటలతోనే చదివాను. ఆ రాత్రి నుంచి ఆ కథలో నాకు లెక్క మాత్రమే కనిపిస్తోంది. ఒకళ్ళు పడుకున్న గంటలు ఇంకొకళ్ళ ఖాతాలోంచి పోయాయి.

సంక్రాంతికి తెనాలి వెళ్ళాం, మిషను సంచీలో పెట్టుకుని. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. ముప్పయ్యొక్కేళ్ళ సర్వీసు, అందులో సగం పైన హైదరాబాదు నైట్ సర్వీసులు. ఒక్క యాక్సిడెంట్ లేదు. ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి హాల్లో ఉంటుంది. ఆయన గురక మా వీధికంతా తెలుసు. చిన్నప్పుడు నాకు అదే ధైర్యం. అది వినిపిస్తే నాన్న డ్యూటీ దిగి ఇంట్లో ఉన్నాడని లెక్క. మధ్యలో అది ఆగేది. మళ్ళీ మొదలయ్యేదాకా నేను ఒకట్లు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఇరవై, ఇరవైఐదు. అదొక ఆట.

మిషన్ని చూసి నాన్న నవ్వాడు. "గురక జబ్బేందిరా, దానికో పంపుసెట్టా" అన్నాడు. పరీక్ష నువ్వు కూడా చేయించుకో నాన్నా అంటే కొట్టిపారేశాడు. సిగ్నల్ దగ్గర సంగతి అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు. ఆ సాయంత్రం డాబా మీద ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. పాప కార్లో ఉందని కూడా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"నాకూ ఒకసారి అయిందిరా" అన్నాడు. "దాచేపల్లి గుర్తుంది. పొందుగుల గుర్తులేదు. చూస్తే కృష్ణ బ్రిడ్జి మీదున్నా."

"బస్సులో ఎంతమంది?"

"ఫుల్లు."

కాసేపాగి, "మీ అమ్మకి చెప్పబాక" అన్నాడు.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టరు ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే, ప్లగ్గులకి రాదు. గాలి ఆగి, నా ఊపిరే మాస్కులో వెచ్చగా మొహానికి తగిలి మెలకువ వచ్చింది. తీసి పక్కన పెట్టాను. తనూ పాపా మంచి నిద్రలో ఉన్నారు. పక్కగదిలోంచి నాన్న గురక. పాతదే, కాస్త బరువెక్కింది. ఆగింది. చిన్నప్పటి అలవాటు కదా, లెక్కపెట్టాను. పద్దెనిమిది, పందొమ్మిది. ఇరవైరెండు దగ్గర గాజుల చప్పుడు. "ఏవండీ. పక్కకి తిరగండి." మంచం కిర్రుమంది. గురక మళ్ళీ అందుకుంది.

నాలుగోసారికి లేచి ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది, గోడకి ఆనుకుని.

"ఎప్పట్నుంచే అమ్మా ఇలా లేపడం?"

"నువ్వు పుట్టకముందు నుంచి. ఆగితే నాకు మెలకువొచ్చేస్తది" అంది, అదేదో తన ఒంటి తత్వం అన్నట్టు. "డ్యూటీ నుంచి వచ్చి పగలు పడుకున్నప్పుడు కూడా ఇక్కడే కూర్చునేదాన్ని, బియ్యం ఏరుకుంటా."

రేపు ఆయన్ని ఒప్పించి పరీక్షకి తీసుకెళ్దాం అన్నాను. అమ్మ ఏం అనలేదు. కరెంటు వచ్చింది. మా గదిలో మిషన్ దీపం వెలిగింది.

"వెళ్ళు, అది పెట్టుకుని పడుకో" అంది. "నాన్న సంగతి నేను చూసుకుంటాలే."