శనగగింజంత

దగ్గు పోయింది గాని, దగ్గు కోసం తీయించిన ఫొటో మాత్రం నన్ను పట్టుకుంది.

మాది సింగరాయకొండ. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో మావైపు దగ్గనివాడంటూ ఉండడు. నా దగ్గు నెల దాటేసరికి మావాడు ఒంగోలు తీసుకెళ్ళి స్కానింగు చేయించాడు. కుడి ఊపిరితిత్తిలో ఏడు మిల్లీమీటర్ల నాడ్యూల్ ఉందని రిపోర్టు. మా ఆవిడ మనవడి స్కేలు తెచ్చి, దాని పక్కన ఓ శనగగింజ పెట్టి, "ఇంతే గదండీ!" అంది. అందే గాని, ఆ రాత్రి ఆవిడా నిద్రపోలేదు, నేనూ పోలేదు. మా నాన్న పొగాకు బ్యారన్ దగ్గర కాపలా కాస్తూ నేర్చుకుని, పాతికేళ్ళు కాల్చి మానేసిన చుట్టలన్నీ లెక్కకొచ్చాయి.

"ముక్క తీసి పరీక్ష చేయరాదా?" అన్నాను డాక్టరుగారితో.

"అంత చిన్నదానికి సూది అందడం కష్టం మాస్టారూ. ఊపిరితిత్తికి చిల్లుపడే ప్రమాదమూ ఉంది. ఎనిమిది దాటితే అప్పుడు ఆలోచిస్తాం. ఇలాంటివి చాలావరకు పాత జబ్బుల మచ్చలే. మన దేశంలో క్షయ మచ్చలూ ఎక్కువే. కాకపోతే మీరు చుట్ట కాల్చినవారు. ఆరు నెలలకు మళ్ళీ తీద్దాం. అడ్డకొలత నాలుగోవంతు పెరిగిందంటే మొత్తం గింజ దాదాపు రెట్టింపయినట్టే. ఇలాంటి గట్టి గింజ రెండేళ్ళు పెరగకపోతే ఇక భయం లేదు."

రెండేళ్ళా! నా మొహం చూసి ఆయనే అడిగారు: "పాత స్కానింగు ఏమైనా ఉందా?"

ఉంది! 2021లో కరోనా వచ్చినప్పుడు తీసింది. ట్రంకుపెట్టె తిరగేస్తే ఫిల్ము దొరికింది గాని, దానికో మూల లేదు. 2022 అక్టోబరు 25న సూర్యగ్రహణం చూద్దామని మా మనవడు కత్తిరించాడట. అలా చూడటం కళ్ళకు చేటని అప్పుడే వాళ్ళమ్మ చీవాట్లు పెట్టిందట. "నా గింజ ఆ మూలలో ఉంటే ఏం గతిరా?" అన్నాను. వాడు బిక్కమొహం వేశాడు.

డాక్టరుగారు ఫిల్ము దీపం ముందు పెట్టి చాలాసేపు చూశారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళి పీటల మీద తర్వాత నలుగురిలో పట్టుకోవడం అదే.

"ఇదుగో, అప్పుడూ ఉంది. ఇంతే ఉంది. ఇక చుట్ట జోలికి మాత్రం పోకండి!"

ఇప్పుడు మా ఇంట్లో పాత ఫిల్ములు పొలం దస్తావేజుల పక్కన ఉంటున్నాయి. మీ ఇంట్లోవీ ఓసారి చూసుకోండి. మనవలకు కత్తెర అందనీయకండి.