ఆరు రుచులూ, ఒక ముక్కూ

మా అమ్మ గరిటె నోట పెట్టుకుని రుచి చూడడం నేనెన్నడూ ఎరగను. పులుసు మరిగిందో లేదో, పోపు వేగిందో లేదో అమ్మకు వాసనే చెప్పేది. అలాంటి మనిషి 2021 ఫిబ్రవరిలో ఒకనాడు కూర తరుగుతూ ఉండగా వెనక పొయ్యి మీద పోపు మాడి బొగ్గయింది. మేము మేడమీదనుంచి పరుగెత్తుకు వచ్చేదాకా అమ్మకు తెలియలేదు. అంతకు మూడు వారాల ముందే కోవిడ్ వచ్చి తగ్గింది. జ్వరంతోపాటు వాసనా పోయింది.

ఆ రోజునుంచి అమ్మ వంటగదిలోకి రావడం మానేసింది. "ఏం తిన్నా గడ్డి నమిలినట్టుందిరా" అని కంచం ముందునుంచి లేచిపోయేది. నాలుక చెడిందనుకున్నాం. చెడింది నాలుక కాదని డాక్టరుగారు చెప్పాక తెలిసింది. మనం రుచి అనుకునేదానిలో చాలాభాగం వాసనేనట. నమిలేటప్పుడు పదార్థంలోని పరిమళం గొంతు వెనుకనుంచి ముక్కు పైభాగానికి ఎక్కుతుంది. అక్కడ వాసన పట్టే గ్రాహకాలు మనిషికి దాదాపు 400 రకాలు. వాటి జన్యువులను 1991లో కనిపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంగువ, కరివేపాకు, కాచిన నెయ్యి, వీటి సొగసంతా ముక్కు సొత్తే. నాలుకకు సొంతంగా తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు. వాటికి తోడు 1908లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెడా గుర్తించిన ఉమామి.

మరి కారం? అది రుచే కాదు, మంట! వేడి తగిలితే చురుక్కుమనే నరాలే మిరపకాయకూ చురుక్కుమంటాయి. ఆ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొన్నది. పక్షులకు ఈ మంట తెలియదు. మన ఊళ్ళలో చిలుక పండుమిరపకాయను జామపండులా తినేది అందుకే. పండును మింగేసే పక్షులకు దంతాలు లేవు గనుక గింజ నలగకుండా కడుపులోంచి బయటపడి ఎక్కడో మొలుస్తుంది. మిరపమొక్కకు కావలసిందీ అదే. ఇక వగరు కూడా ఒకరకం స్పర్శే. కాయలోని టానిన్లు లాలాజలంతో కలిసి నోరు పొడిబారుస్తాయి.

ఇదంతా చదువుతుంటే నాకొకటి తట్టింది. ఉగాది పచ్చడిలోని ఆరు రుచులలో ఒక్కటీ ముక్కు మీద ఆధారపడినది కాదు! నాలుగు నాలుకవి, రెండు నరాలవి.

ఏప్రిల్ 13న ప్లవనామ సంవత్సర ఉగాది. ఊరినుంచి తెచ్చుకున్న ఎండు వేపపువ్వుతో మా ఆవిడ పచ్చడి చేసింది. అమ్మ అయిష్టంగానే నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు మాట్లాడలేదు. తరవాత, "చేదు బాగా కుదిరింది, ఉప్పే తక్కువైందర్రా" అంటూ లేచి వంటగదిలోకి నడిచింది. రెండు నెలల తరవాత అదే మొదటిసారి.

వాసన నెమ్మదిగా వచ్చింది, అదీ సగమే. ఇప్పుడు మా ఇంట్లో పోపు సంగతి మా ఆవిడది, ఉప్పు పులుపుల సంగతి అమ్మది.

వయసు మీదపడినా వాసన తగ్గుతుంది. మీ ఇంట పెద్దవాళ్ళకు అన్నం సహించడం లేదంటే వంటకు వంక పెడుతున్నారనుకోకండి. ముక్కు సంగతి ఒకసారి అడిగి చూడండి.